సెల్లార్ గోడ లోపలికి ఒంగితే ఏం చేయాలి?



మన కోరుట్ల వైపు ‘బేస్‌మెంట్’ అంటే పునాది మీద, నేలకు ఎత్తుగా లేపిన కట్టడమే గుర్తుకు వస్తుంది. “బేస్‌మెంట్ అయిపోయింది, ఇక గోడలు లేపాలి” అని మేస్త్రీలు అంటుంటారు. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది దాని గురించి కాదు. నేలకు దిగువన ఉండే గది గురించి, అంటే మనం సెల్లార్ అని పిలిచే దాని గురించి, దాని చుట్టూ మట్టిని ఆపుతూ నిలబడే గోడల గురించి.

63వ నంబరు జాతీయ రహదారి వెంట మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాకా స్థలాల ధరలు పెరిగాయి. అందుకే పైకి కట్టినట్టే కిందికీ కడుతున్నారు. దుబాయి, మస్కట్, రియాద్‌లలో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బుతో లేచిన కట్టడాలు వీటిలో ఎన్నో ఉన్నాయి. సెల్లార్‌లో మొదట స్కూటర్లు పెడతారు. తరువాత సరుకు పెడతారు. కొన్నాళ్లకు అదే కుట్టు మిషన్ల గది అవుతుంది, లేదా పిల్లల ట్యూషన్ గది అవుతుంది. సేవా సంస్థలకు అద్దె తక్కువకు దొరికేదీ చాలాసార్లు అలాంటి గదే. కనుక ఆ గది గోడ సంగతి ఇంటి యజమాని ఒక్కడిదే కాదు, అక్కడ కూర్చునే ఆడపిల్లలదీ, వారి కోసం చందా ఇచ్చే మనదీ.

మట్టిని ఆపే గోడ పడిపోతే ఏమవుతుందో మన తెలుగు రాష్ట్రాలు ఈ మధ్యనే చూశాయి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదు బండ్లగూడలో ప్రహరీ గోడ ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు. 2024 మే 7న బాచుపల్లిలో రిటైనింగ్ వాల్ కూలి 7 మంది వలస కూలీలు, వారి కుటుంబ సభ్యులు మరణించారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో కొత్తగా కట్టిన గోడ కూలి క్యూలో నిలబడిన 7 మంది భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వీటిలో ఏదీ సెల్లార్ గోడ కాదు. అయినా మూడుచోట్లా గోడ కూలింది పెద్ద వాన పడిన సమయంలోనే. మేము చెప్పదలచిన ముఖ్య విషయం కూడా ఇదే: ఇలాంటి గోడకు ముందు చికిత్స చేయవలసింది గోడకు కాదు, దాని వెనక నిలిచే నీటికి.

మట్టి గోడను ఎలా తోస్తుంది?

ఇంటి మామూలు గోడ నెత్తిన బరువు మోస్తుంది. సెల్లార్ గోడ దానికి తోడు పక్క నుంచి వచ్చే తోపునూ ఓర్చుకోవాలి. లోతుకు పోయే కొద్దీ ఈ తోపు పెరుగుతుంది. నేల మట్టం దగ్గర దాదాపు ఏమీ ఉండదు, అడుగున అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 3 మీటర్ల లోతు సెల్లార్ గోడ మీద, నీరు నిలవని మామూలు మట్టి, గోడ ప్రతి మీటరు పొడవుకూ సుమారు 4 టన్నుల తోపు ఇస్తుంది. అదే మట్టి నేల మట్టం దాకా నీటితో నిండితే ఆ తోపు 6 టన్నులు దాటుతుంది. అంటే 10 మీటర్ల పొడవున్న గోడ మీద 60 టన్నులకు పైగా. సరుకు నింపిన పది టైర్ల లారీలు రెండు కలిసి పక్క నుంచి ఒరిగినంత బరువు ఇది. లోతు రెట్టింపు చేస్తే తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. “ఇంకో నాలుగడుగులు తవ్వితే ఏం పోతుంది” అనేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఇటుక గోడ, సిమెంటు ఇటుకల గోడ నెత్తి మీది బరువును బాగానే ఓర్చుకుంటాయి. పక్క నుంచి తోస్తే ఓర్చుకోలేవు. తరగతిలో ఈ సంగతి చెప్పేటప్పుడు మేము ప్లాస్టిక్ స్కేలును రెండు కొనల దగ్గర పట్టుకుని నడుమ వేలితో నొక్కి చూపిస్తాం. వేలు ఉన్న వైపు స్కేలు నొక్కుకుంటుంది, అవతలి వైపు సాగుతుంది. సెల్లార్ గోడకు కింద ఫ్లోరింగ్, పైన స్లాబు రెండు కొనలు. నడుమ మట్టి నొక్కుతుంది. కనుక గది లోపలి ముఖం సాగుతుంది. ఇటుకల మధ్య సిమెంటు సాగే గుణం ఉన్నది కాదు, అందుకే అక్కడ అడ్డంగా పగులుతుంది.

నల్లరేగడి చేసే పని

మన జగిత్యాల జిల్లాలో ఎర్ర చల్క ఉంది, నల్లరేగడీ ఉంది. రేగడిలోని సన్నని బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలంలో పొలాల్లో నెర్రెలు విచ్చేది ఇందుకే. గోడ వెనక కూడా అదే జరుగుతుంది. మేలో మట్టి ముడుచుకుని గోడకు దూరం జరుగుతుంది. ఆ సందులోకి మట్టి పెళ్లలు, కంకర రాళ్లు జారి పడతాయి. జూన్‌లో వాన పడగానే మట్టి మళ్లీ ఉబ్బుతుంది. పాత చోటులోకి వెళ్లాలంటే అక్కడ పెళ్లలు అడ్డం ఉన్నాయి. గోడనే తోస్తుంది. వచ్చే ఏడు మళ్లీ ఇదే. గోడ ఒక్కసారిగా ఒంగదు, ఏటా కొంచెం కొంచెం ఒంగుతుంది.

దీనికి తోడు మనకు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ దగ్గరలో ఉంది. కాలువ పారే రోజుల్లో, వరి మళ్లు నిండుగా ఉన్నప్పుడు, పల్లపు చోట్ల భూమిలో నీటి మట్టం పైకి వస్తుంది. వాన లేకున్నా సెల్లార్‌లో చెమ్మ కనిపించడానికి ఇదొక కారణం. ఇంకో కారణం మన ఇంట్లోనే ఉంటుంది. గోడ పక్కనే కట్టిన సంపు కారవచ్చు, సెప్టిక్ ట్యాంకు కారవచ్చు, మోరీ పగిలి ఉండవచ్చు, మేడ మీది వాన నీళ్ల పైపు నేరుగా గోడ మొదట్లోకి వదిలి ఉండవచ్చు.

మీ స్థలం మట్టి ఉబ్బేదా కాదా తెలుసుకోవడానికి హైస్కూలు ల్యాబులో చేయగల పరీక్ష ఒకటి ఉంది. మట్టిని ఎండబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టి 10 గ్రాముల చొప్పున రెండు భాగాలు తీసుకోవాలి. 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు తీసుకుని, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి, వాటిలో ఆ మట్టి వేసి కలిపి 24 గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోని మట్టి మట్టం కిరోసిన్‌లోని దానికన్నా ఒకటిన్నర రెట్లు గానీ, అంతకు మించి గానీ ఉంటే అది జాగ్రత్త పడవలసిన నేల. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తించిన పరీక్షే ఇది. పిల్లల చేత చేయిస్తే వారికి ఒక పాఠం, ఇంటివారికి ఒక ఎరుక.

పగులును చదవడం

పగుళ్లన్నీ ఒకటి కావు. అన్నిటికీ భయపడనక్కర లేదు, అన్నిటినీ వదిలేయనూ కూడదు.

వెంట్రుక మందాన నిలువుగా ఉండి, ఏళ్లు గడిచినా పెరగని పగులు సాధారణంగా సిమెంటు ఆరేటప్పుడు వచ్చింది. దాని నుంచి నీరు కారకుంటే ప్రమాదం తక్కువ.

మెట్లు మెట్లుగా ఇటుకల సందుల వెంట ఏటవాలుగా పోయే పగులు చాలావరకు పునాది ఒక పక్క దిగిందని చెబుతుంది. ఇక్కడ సమస్య గోడ వెనక కాదు, గోడ కింద.

గోడ నడిమి ఎత్తులో, లేదా కొంచెం పైన, అడ్డంగా పోయే పగులు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఇది పక్క తోపుకు గుర్తు. దీనితోపాటు గోడ మూలల్లో ఏటవాలు పగుళ్లు కూడా ఉంటే గోడ నడుమ లోపలికి వస్తున్నదని అర్థం. వెడల్పు 2 మిల్లీమీటర్లే కదా అని దీన్ని తీసిపారేయకూడదు.

కంటికి తోచినదాన్ని నమ్మకుండా కొలవాలి. మేస్త్రి గుండుదారాన్ని స్లాబు అంచు నుంచి గోడకు కొద్ది దూరంలో వేలాడదీసి, ప్రతి అడుగు ఎత్తులో దారానికీ గోడకూ మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోవాలి. నడుమ దూరం తగ్గితే గోడకు బొజ్జ వచ్చినట్టు. పైన తగ్గితే తల వాలినట్టు. అడుగున తగ్గితే మొదలు జారినట్టు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

పగులు పెరుగుతున్నదా లేదా చూడటానికి, పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి వాటి మధ్య దూరాన్ని నెలకోసారి తేదీతో సహా రాయాలి. పగులు మీద సన్నని గాజు ముక్కను రెండు పక్కలా గట్టిగా అతికించి తేదీ వేయడం పాత పద్ధతి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ గడిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అయితే ఒంపు అంగుళం దాటినా, కొలత నెలనెలా మారుతున్నా, పగులులోంచి మట్టి రాలుతున్నా ఏడాది ఎదురు చూడవద్దు. గది ఖాళీ చేయించి వెంటనే ఇంజనీరును పిలవాలి.

ముందు నీరు, తరువాత గోడ

చాలాచోట్ల జరిగేది వేరు. పగులులో సిమెంటు పాలు పోసి, మీద ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పట్టించి రంగు వేస్తారు. గోడ కొత్తదానిలా కనిపిస్తుంది. వెనక మట్టి తోపు ఒక్క కిలో కూడా తగ్గలేదు. పైగా పగులు కనపడకుండా పోయింది కనుక అది పెరిగినా ఇక ఎవరికీ తెలియదు.

సరైన వరుస ఇది. మొదట మేడ మీది నీళ్ల పైపులను గోడకు దూరంగా మోరీలోకి తిప్పాలి. గోడ చుట్టూ నేలను బయటికి వాలు చేయాలి, 10 అడుగుల దూరానికి అర అడుగు దిగేలా ఉంటే మంచిది. గోడను ఆనుకుని కనీసం 3 అడుగుల వెడల్పున గచ్చు వేయాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు కారుతున్నాయేమో చూడాలి. గోడ పక్కన కుప్పగా పోసిన ఇసుక, కంకర, ఇటుకలు తీసేయాలి. లారీలు, ట్రాక్టర్లు అక్కడ నిలపకూడదు, ఎందుకంటే పైన పెట్టిన బరువు కూడా మట్టి ద్వారా గోడనే తోస్తుంది. ఈ పనులకు అయ్యే ఖర్చు తక్కువ. పగులు చిన్నదైతే చాలాసార్లు ఇక్కడితోనే అది పెరగడం ఆగిపోతుంది.

అయినా నీరు వస్తుంటే గోడ వెనక తవ్వి నీటికి దారి చేయాలి. అంతకు ముందు లోపలి వైపు జాకీలతో, దిమ్మెలతో గోడకు ఊతం ఇవ్వాలి. తవ్వకం కొద్ది కొద్ది భాగాలుగా సాగాలి. గోడ మొత్తం పొడవునా ఒకేసారి జేసీబీతో తవ్వితే గోడా, కూలీలూ ఇద్దరూ ప్రమాదంలో పడతారు. తవ్విన తరువాత గోడ బయటి ముఖానికి నీరు పట్టని పూత వేసి, అడుగున రంధ్రాల పైపు పరిచి, దాని చుట్టూ కడిగిన కంకర పోసి, మట్టి కలవకుండా వడపోత గుడ్డ చుట్టాలి. పైపు చివరను మోరీకి గానీ, మోటారు ఉన్న గుంతకు గానీ కలపాలి. తిరిగి పూడ్చేటప్పుడు తీసిన రేగడినే వేయకూడదు. గోడ పక్కన కంకర, దాని వెనక మొరం వేయాలి. నేల మట్టం దగ్గర మాత్రం వాన నీరు లోపలికి దిగకుండా పైన గచ్చు మూయాలి. ఈ పని జనవరికీ మే నెలకూ మధ్య పూర్తి కావాలి. వానాకాలంలో తవ్వడం మొదలుపెట్టడం చావును పిలవడమే.

గోడకు చేసే మరమ్మతులు

నీటి సంగతి తేలిన తరువాత గోడ మీదికి రావాలి.

కదలిక ఆగిన పగులును శుభ్రం చేసి, దాని వెంట వరుసగా చిన్న గొట్టాలు బిగించి, కింది గొట్టం నుంచి మొదలుపెట్టి పైకి ఎపాక్సీని మెల్లగా ఎక్కిస్తారు. కాంక్రీటు గోడలో ఇది పగిలిన రెండు ముఖాలను గట్టిగా అతుకుతుంది. పగులు తడిగా ఉండి నీరు కారుతుంటే ఎపాక్సీ సరిగా పట్టదు, అక్కడ పాలీయురేథేన్ వాడతారు. అది నీటిని ఆపుతుందే తప్ప గోడకు బలం ఇవ్వదు. ఈ తేడాను కాంట్రాక్టరు చేత స్పష్టంగా చెప్పించుకోవాలి. పాత రాతి గోడలైతే సందుల్లోకి పలుచని గ్రౌటు ఎక్కించి, గోడ మందం మొత్తం పట్టేలా బంధనపు రాళ్లు వేయడం మేలు.

కొద్దిగా బొజ్జ వచ్చి, ఇటుకలు గట్టిగా ఉన్న గోడకు అమెరికాలో కార్బన్ ఫైబర్ పట్టీలు నిలువుగా అతికిస్తారు. అక్కడి చల్లని రాష్ట్రాల్లో ఇళ్లకు సెల్లార్లు మామూలు కనుక ఈ వ్యాపారం పెద్దది. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. సాధారణంగా 2 అంగుళాల లోపు ఒంపుకే దీన్ని వాడతారు. ఇది గోడను వెనక్కి నెట్టదు, ఇంకా ఒంగకుండా పట్టుకుంటుంది. తల వాలిన గోడకు, మొదలు జారిన గోడకు పట్టీలు ఒక్కటే చాలవు.

అంతకు మించితే స్టీలు బీములు నిలువుగా నిలిపి, కింద కాంక్రీటులోకి, పైన స్లాబుకు బిగిస్తారు. మన దగ్గర ఎక్కువగా చేయగలిగింది లోపలి వైపు ఆర్‌సీసీ పిల్లర్లు ఫుటింగుతో సహా వేయడం, లేదా గోడ లోపలి ముఖానికి రాడ్లు కట్టి కొత్త కాంక్రీటు పొర పోయడం. గోడ అవతల భూమిలో లంగరు పాతి రాడ్డుతో వెనక్కి లాగే పద్ధతి కూడా ఉంది. దానికి అవతల మన స్థలమే ఉండాలి. బజారులో అవతల పొరుగువారి పునాది ఉంటుంది కనుక అది కుదరదు.

గోడ పూర్తిగా పాడైతే స్లాబుకు ఊతం ఇచ్చి, భాగాలుగా విప్పి ఆర్‌సీసీతో మళ్లీ కట్టడమే దారి. అప్పుడు రాడ్లు ఏ ముఖాన ఉండాలన్నది ముఖ్యం. పైన స్లాబు పట్టుకున్న గోడకు నడిమి భాగంలో లోపలి ముఖం సాగుతుంది. పైన ఏ ఆధారం లేని ప్రహరీ లాంటి గోడకు మట్టి వైపు ముఖం సాగుతుంది. సాగే వైపే ప్రధాన రాడ్లు ఉండాలి. తారుమారైతే స్టీలు ఉన్నా లేనట్టే. అందుకే డ్రాయింగు లేకుండా పని మొదలుపెట్టవద్దు. మన జిల్లాలోనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. తెలిసినవారిని అడగడానికి మొహమాటం అక్కర లేదు.

పొరుగువారు సెల్లార్ తవ్వుతున్నప్పుడు కూడా జాగ్రత్త అవసరం. మన పునాది పక్క మట్టి తీసేస్తే మంచి గోడ కూడా నిలవదు. పని మొదలయ్యే ముందే మన గోడల ఫొటోలు తేదీతో తీసి ఉంచుకోవాలి. మునిసిపాలిటీ అనుమతి ఉందా, ఊతం ఏం పెడుతున్నారు అని అడగడం తగాదా కాదు.

డబ్బు ఇచ్చే ముందు అడగవలసినవి

మరమ్మతు కోసం ఎవరైనా మన దగ్గరికి వస్తే, ఇవ్వాలా వద్దా అని ఆలోచించే ముందు ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం.

1. గోడ వెనక నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కున్నారా?
2. గుండుదారంతో కొలిచిన కొలతలు తేదీలతో ఉన్నాయా?
3. బొజ్జా, వాలా, జారడమా ఏది జరిగిందని ఇంజనీరు రాసిచ్చారా?
4. పని జరిగేటప్పుడు స్లాబుకు, గోడకు ఊతం ఎవరి బాధ్యత? లోపలి వారిని ఎక్కడికి మారుస్తారు?
5. పని వానలకు ముందు ముగుస్తుందా?
6. పని అయిన తరువాత రెండు వానాకాలాలు ఎవరు కొలుస్తారు?

గల్ఫ్‌లో ఉండి సాయం పంపేవారికి ఒక మాట. రంగు వేసిన గోడ ఫొటో ఫోనులో చూసి సంతోషపడవద్దు. రంగు వేయక ముందు ఫొటో అడగండి, గుండుదారం పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి, మూసేయక ముందు గోడ వెనక పరిచిన పైపు ఫొటో అడగండి. నమ్మకం లేక అడగడం కాదు ఇది. ఇలా అడిగితే పని చేసేవారు కూడా పద్ధతిగా చేస్తారు.

కొత్త గది కట్టిస్తే గుమ్మం మీద రాతి పలక మీద పేరు ఉంటుంది. గోడ వెనక పూడ్చిన పైపు మీద, వాలు సరిచేసిన మోరీ మీద ఎవరి పేరూ ఉండదు. అందుకే కొత్త గదికి వచ్చినంత సులువుగా మరమ్మతుకు చందా రాదు. కానీ ఉన్న గది నిలబడితేనే అందులో కుట్టు నేర్చుకునే అమ్మాయి నిశ్చింతగా కూర్చుంటుంది. మన సంస్థ ఖర్చు పద్దుల్లో ‘మరమ్మతులు’ అని ఒక పద్దు ఏటా విడిగా ఉండాలనీ, అందులో మొదటి రూపాయి వాన నీటి దారికి ఖర్చు కావాలనీ మా మనవి. మీ ఇంటికో, దుకాణానికో, మీరు సాయం చేసే ఏ బడికో సెల్లార్ ఉంటే, ఈ జూన్ రాకముందే ఒక గుండుదారం, ఒక స్కేలు తీసుకుని ఒకసారి కిందికి దిగి చూడండి.